ఐదో అక్షరం: 41,600 రూపాయల్లో తీసిన ఒక దయ్యం సినిమా

విజయనగరంలో పెళ్ళి వీడియోలు తీయడం నా వృత్తి. పదిహేడేళ్ళుగా ఇదే పని. ఆషాఢం వచ్చిందంటే ముహూర్తాలు ఉండవు. కెమెరాలు బీరువాలో, లైట్లు అటక మీద, కుర్రాళ్ళు ఇంటి దగ్గర. మూడేళ్ళ కిందట ఆ ఖాళీ నెలలో ‘ఐదో అక్షరం’ అని 22 నిమిషాల చిన్న సినిమా తీశాం. శ్రావణంలో మొదటిసారి చూపిస్తే జనం నవ్వారు. కార్తికంలో అదే సినిమాను, ఒక్క షాటు కూడా కొత్తగా తీయకుండా, శబ్దం మాత్రమే మార్చి చూపించాం. ఎవరూ నవ్వలేదు. ఈ రెండు ప్రదర్శనల మధ్య ఏం తీసేశామో, ఏం చేర్చామో, ఏది దొరికీ అనుకున్న చోట వాడకుండా వదిలేశామో ఇక్కడ రాస్తున్నాను. మా జిల్లాల్లో ఇలాంటి ప్రయత్నం చేసే కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళకు ఇది పనికి రావాలని నా కోరిక.

ఈ పనికి నాకు ధైర్యమిచ్చినవాడు హెర్క్ హార్వే. అమెరికాలో క్యాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో విద్యా చిత్రాలు, పారిశ్రామిక చిత్రాలు తీసే ఉద్యోగి. సెలవు పెట్టుకుని, మూడు వారాల్లో, సుమారు 33 వేల డాలర్లతో ఒక్క భయానక చిత్రం తీశాడు. 1962లో విడుదలైన ఆ ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’లో నాయిక ఆర్గాన్ వాయించే అమ్మాయి. జీన్ మూర్ కూర్చిన ఆర్గాన్ సంగీతమే ఆ సినిమాకు వెన్నెముక. రోజూ ఇతరుల కోసం కెమెరా పట్టే మనిషి సెలవుల్లో తన కోసం పట్టుకున్నాడు. నేను ఆ సినిమా చూసిన రాత్రే మా ఆషాఢం గుర్తుకొచ్చింది.

కథకు బీజం మాత్రం మరొకచోట దొరికింది. 1978లో జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ అనే భయానక చిత్రం తీసినప్పుడు సంగీతం కూడా తనే కూర్చాడు. ఆ పియానో వరస ఐదు దెబ్బల కొలతలో నడుస్తుంది. ఆ కొలతను చిన్నప్పుడు బాంగోల మీద నేర్పింది సంగీతం బోధించే అతని తండ్రి. మనిషి నడక రెండు కాళ్ళది. నాలుగు దెబ్బల తాళానికి అడుగు ఇట్టే కలుస్తుంది. ఐదైతే ప్రతి ఆవృతానికీ, అంటే తాళం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ, కాలు మారిపోతుంది, ఎక్కడ మోపాలో తెలియదు. వినగానే నా చెయ్యి తొడ మీద దానంతటదే కదిలింది: తక తకిట. ఐదు అక్షరాల తాళం, మన ఖండచాపు!

విజయనగరంలో ఈ మాటకు అర్థం చెప్పనక్కరలేదు. 1919లో మహారాజా సంగీత కళాశాల పెట్టిన ఊరు. దానికి తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు, ఐదు తాళాలు ఒకేసారి వేయగలరని పేరు పొందిన హరికథా పితామహుడు. తర్వాత ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పీఠంలో కూర్చున్నారు. ఘంటసాల, సుశీల ఇక్కడే చదువుకున్నారు. నేను చిన్నప్పుడు రెండేళ్ళు సాయంత్రం పాఠాలకు వెళ్ళి మానేసినవాడిని. అయినా తాళం చేతిలో మిగిలిపోయింది. ఇంత సంపద చెవిలో పెట్టుకుని దయ్యం సినిమాకు వేరే దేశం శబ్దాలు అరువు తెచ్చుకోవడం ఎందుకన్న ప్రశ్న ఆ రోజే రావలసింది. రాలేదు. వచ్చేసరికి ఒక ప్రదర్శన పాడైపోయింది.

కథ ఇదీ. బొబ్బిలి దగ్గరి పల్లెలో పాత పెంకుటిల్లు. వీణ వాయించే ముసలావిడ పోయింది. ఇల్లు అమ్మేయడానికి మనవరాలు ఒంటరిగా వచ్చి మూడు రాత్రులు ఉంటుంది. తెల్లగుడ్డ కప్పిన వీణ ఉన్న గదిలోంచి రాత్రిళ్ళు జోలపాట వరస వినిపిస్తుంది. పాటకు ఎవరో తాళం వేస్తుంటారు. ప్రతిసారీ నాలుగు దెబ్బలే పడతాయి. ఐదోది పడదు. చివరి రాత్రి ఆ ఐదో దెబ్బ మనవరాలు వేస్తుంది. రక్తం లేదు, తెల్లచీర లేదు, విరబోసిన జుట్టు లేదు.

చిత్రీకరణ ఆరు రాత్రులు

మొదటి కూర్పు పూర్తై తెరకెక్కేనాటికి 33,600 రూపాయలు అయింది. పదిమందికి ఆరు రాత్రుల భోజనాలు 11,400. నాయికగా నటించిన అమ్మాయికి 6,000, ఇంటి కాపలా మనిషికీ కరెంటుకూ కలిపి 4,000, ఆటోలు, పెట్రోలు 3,200, కొత్త హార్డ్ డిస్కు 4,700, లాంతర్లు, నూనె, గుడ్డలు 1,800, ప్రదర్శన రోజు ప్రొజెక్టరు, కుర్చీల అద్దె 2,500. కెమెరా, లైట్లు మా పెళ్ళి సామానే. ఈ లెక్కలో శబ్దం కోసం ఒక్క రూపాయి కూడా లేదని గమనించాలి. మా మొదటి తప్పు లెక్కల పుస్తకంలోనే కనబడుతోంది.

వెలుతురు విషయంలో చేతికున్న అలవాటును మరచిపోవడం కష్టమైంది. పెళ్ళిలో ఎవరి ముఖమూ చీకట్లో ఉండకూడదు. మేనమామ ముఖం మీద నీడ పడితే మర్నాడు ఫోను వస్తుంది. ఇక్కడ ముఖాలు చీకట్లోనే ఉండాలి. మొదటి రాత్రి మా వాడు అలవాటు కొద్దీ రెండు లైట్లూ ఎదురెదురుగా, మెత్తని గుడ్డ కట్టి పెట్టాడు. పెళ్ళికూతురు దయ్యాన్ని చూసినట్టు వచ్చింది. 1922 నాటి ‘నోస్ఫెరాటు’లో మెట్ల పక్క గోడ మీద నీడ ఎక్కి వెళ్ళే దృశ్యాన్ని ఫోనులో చూపించాను. వెంటనే ఒక లైటు ఆర్పేశాడు. రెండోదాని గుడ్డ విప్పి, దాన్ని నేల మీద, మనిషికి నాలుగడుగుల దూరంలో పెట్టాడు. దీపం చిన్నదై, ఒక్కటే అయితే నీడ అంచు కత్తితో కోసినట్టు వస్తుంది. మనిషి దీపానికి దగ్గరయ్యేకొద్దీ గోడ మీద నీడ పెరుగుతుంది. వంద సంవత్సరాల కిందటి ఆ ఉపాయానికి ఇప్పటికీ ఖర్చు లేదు. సినిమాలో బామ్మ కనిపించేది నీడగానే. ఆ నీడ మా కాపలా మనిషి భార్యది.

వాన మాత్రం మాతో ఆడుకుంది. ఆషాఢంలో పెంకుటింటి మీద వాన పడుతుంటే మాటలు రికార్డు చేయడం అసాధ్యం. రెండో రాత్రికే సంభాషణలు సగానికి తగ్గించాం, మూడో రాత్రికి 14 వాక్యాలు మిగిలాయి. దీనికి నాకు ఏ బాధా లేదు. పోయిన వాక్యాలన్నీ భయాన్ని వివరించేవే.

మొదటి ప్రదర్శన

శ్రావణంలో ముహూర్తం లేని ఒక రాత్రి, మా వీధి సామాజిక భవనంలో 34 మంది ముందు సినిమా వేశాం. నేపథ్య సంగీతమంతా ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన శబ్దాలతో నేనే కూర్చాను. కీచుమనే వయొలిన్లు, ఉరుము, గుండె చప్పుడు, అకస్మాత్తుగా విరుచుకుపడే వాద్యఘోష. వాటి మధ్య కంప్యూటర్ వీణ.

ఆరో నిమిషంలో మొదటి నవ్వు వచ్చింది. తర్వాత వస్తూనే ఉన్నాయి. నాయికగా నటించిన అమ్మాయి చివరి వరసలో కూర్చుంది. నవ్వు వచ్చిన ప్రతిసారీ ఆమె తల వంచుకోవడం చూశాను. బయటికి వచ్చాక “అన్నయ్యా, నా నటన అంత బాగాలేదా?” అని అడిగింది. కాదని చెప్పాను గానీ నవ్వు ఎందుకు వచ్చిందో చెప్పలేకపోయాను.

అదృష్టవశాత్తూ ఒక్క మంచి పని చేశాను. కుర్చీల కింద రెండు ఫోన్లు పెట్టి హాలు శబ్దం మొత్తం రికార్డు చేశాను. సినిమా తీసే ప్రతి ఒక్కరికీ ఈ పని చేయమని గట్టిగా చెబుతాను. ప్రదర్శన తర్వాత మన ముఖం చూసి జనం చెప్పే మాటలు ప్రేమతో చెప్పేవి. చీకట్లో వాళ్ళ ఒళ్ళు చేసే చప్పుడు నిజం. మర్నాడు ఆ రికార్డింగును కంప్యూటర్‌లో సినిమా కిందే వరసగా పరిచి, నవ్వు, దగ్గు, కుర్చీ కిర్రుమనడం, పక్కవాడితో గుసగుస, అన్నిటికీ గుర్తులు పెట్టాను.

మొత్తం 11 నవ్వులు. అందులో 8 భయపెట్టే వస్తువు తెర మీదికి రాకముందే వచ్చాయి. సంగీతం పైకి లేచిన రెండు మూడు సెకన్లకే. అంటే వాళ్ళు నవ్వింది అమ్మాయిని చూసి కాదు, దయ్యాన్ని చూసి కాదు. ‘ఇప్పుడు భయపడండి’ అని నేను వేసిన కేకను విని నవ్వారు. ఆ అమ్మాయికి అదే రోజు ఫోను చేసి ఈ సంగతి చెప్పాను.

అదే రికార్డింగులో మరొకటి దొరికింది. పద్నాలుగో నిమిషంలో తొమ్మిది సెకన్ల పాటు హాలులో ఏ చప్పుడూ లేదు. ఒక్క దగ్గు లేదు, ఒక్క కుర్చీ కదలలేదు. అంతమంది కలిసి ఊపిరి బిగబట్టిన చోటు సినిమాలో అదొక్కటే. అక్కడ నేను ఏం చేశానా అని చూస్తే, ఏమీ చేయలేదు. సంగీతం ఫైలు పొరపాటున తొమ్మిది సెకన్లు ముందే అయిపోయింది. కింద కెమెరా పట్టుకున్న అసలు శబ్దం బయటపడింది: చూరు నుంచి కారుతున్న నీళ్ళు, పెరటి గుంటలో కప్పలు. తెర మీద అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి చీకట్లోకి చూస్తోంది. నాలుగో సెకనులో కప్పలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి.

ఎందుకు ఆగాయో కెమెరా దగ్గరున్న కుర్రాడిని అడిగాను. “నేను లాంతరు తేవడానికి గుంట గట్టు మీదికి వెళ్ళానన్నా” అన్నాడు. అంతే. మనిషి అలికిడికి కప్పలు నోరు మూస్తాయి. హాలులో కూర్చున్నవాళ్ళలో చాలామంది పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్ళు. గట్టు మీదికి ఎవరో వచ్చారని వాళ్ళకు వేరే చెప్పక్కరలేదు. ఏ వయొలినూ చెప్పలేని మాట కప్పలు చెప్పాయి. భయం వినిపించే శబ్దంలో కంటే, వినిపిస్తూ ఉండి ఆగిపోయిన దానిలో ఎక్కువగా ఉంది. మా కథ మొదటినుంచీ అదే చెబుతోంది, ఐదో దెబ్బ పడదని. సంగీతం పెట్టి ఆ లోటును నేనే పూడ్చేశాను.

శబ్దం మళ్ళీ మొదటినుంచి

భాద్రపదం కూడా మాకు ఖాళీ నెలే. ఇంకో 8,000 రూపాయలు సమకూర్చుకుని పని మొదలుపెట్టాం.

మొదట సంగీతం మొత్తం తీసేశాను. తర్వాత ఆ ఇంటికి తిరిగి వెళ్ళి, ప్రతి గదిలోనూ ఎవరూ లేకుండా రెండేసి నిమిషాల గాలి రికార్డు చేశాం. ఖాళీ గదికీ శబ్దం ఉంటుంది. సినిమాలో శబ్దాన్ని పూర్తిగా సున్నా చేస్తే స్పీకరు పాడైందని జనం వెనక్కి తిరిగి చూస్తారు. గది గాలి ఉంచి మిగతావి తీస్తేనే అది నిశ్శబ్దం అవుతుంది. వీణ గది గాలిలో గోడ గడియారం చప్పుడు దూరంగా పడింది. దాన్ని అలాగే ఉంచాం.

కప్పల కోసం మూడు రాత్రులు గుంట పక్కన కూర్చున్నాం. ఒకరు గట్టు మీద నడవాలి, ఇంకొకరు రికార్డు చేయాలి. మెల్లగా నడిస్తే దగ్గరివి ముందు, దూరంవి తర్వాత ఆగుతాయి. ఆ వరస వినబడితే ఎవరో నడిచి వస్తున్న దిక్కు కూడా తెలుస్తుంది. సినిమాలో మూడుచోట్ల మాత్రమే వాడాం.

నిశ్శబ్దం బిగిసిన తర్వాత దాన్ని ఎక్కడో తెంపాలి. 1942లో వచ్చిన ‘క్యాట్ పీపుల్’లో చీకటి వీధిలో ఒక స్త్రీ వెనక ఏదో వస్తున్నట్టు ఉంటుంది. మృగం దూకుతుందనుకున్న క్షణంలో బుస్సుమంటూ బస్సు వచ్చి ఆగుతుంది. ప్రేక్షకుడు బస్సుకే అదిరిపడతాడు. మాకు బస్సు అక్కరలేదు. అర్ధరాత్రి పశువుల పాక రేకుల మీద కొబ్బరి మట్ట పడితే ఎలా ఉంటుందో ఉత్తరాంధ్రలో ప్రతి ఇంటికీ తెలుసు. నిజమైన మట్టను నిజమైన రేకుల మీద పదకొండుసార్లు పడేశాం. తొమ్మిదోది వాడాం.

ఇక వీణ. కంప్యూటర్ వీణ అన్ని స్వరాలూ సరిగ్గా పలుకుతుంది, అదే దాని లోపం. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లికి వెళ్ళాను. పనస దుంగను తొలిచి వీణ చేసే కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఒక మేస్త్రీ గారి దగ్గర మరమ్మతుకు వచ్చిన పాత వీణ కనబడింది. వేసవి ఎండకు మైనం మెత్తబడి, 24 మెట్లలో సగానికి పైగా జారి ఉన్నాయి. తీగ మీద వేలు వేస్తే పంచమం ఉండవలసిన చోట పంచమానికి కాస్త కింద పలికింది. నాకు ఒళ్ళు జలదరించింది. రెండు రోజులు ఇవ్వమని అడిగాను.

“మెట్లు సరిచేసి మేళం కట్టిన తర్వాత తీసుకెళ్ళండి బాబూ, ఇలా ఉంటే ఏం వాయిస్తారు?” అన్నారాయన.

“ఇలా ఉన్నందుకే కావాలండీ” అని కథ చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, “వాయించేవాళ్ళు ఏడుస్తారేమో” అని ఇచ్చారు.

ఆయన అన్నది దాదాపు నిజమైంది. వీణ నేర్చుకున్న ఒక అమ్మాయి 5,000 రూపాయలకు ఒప్పుకుని వచ్చింది. నీలాంబరి రాగంలో జోలపాట వరస, ఖండచాపులో. రెండు ఆవృతాలు వాయించి చేతులు తీసేసింది. పన్నెండేళ్ళు శ్రుతి కోసం సాధన చేసిన వేళ్ళు అపస్వరం దగ్గర వాటంతటవే తీగను లాగి సరిచేస్తున్నాయి. “సార్, నేను వద్దనుకున్నా చెయ్యి సర్దేస్తోంది” అంది. చివరికి ఆ సర్దుబాటునే ఉంచమన్నాను. జారిన మెట్టు మీద పలికిన స్వరం తన చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుంది. పోయిన మనిషి వాయిస్తే అలాగే ఉంటుందని నాకు అనిపించింది. ఏ కంప్యూటర్‌లోనూ ఆ శబ్దం లేదు.

వాన చప్పుడు పడకుండా ఉండాలని ఒక పీజో బిళ్ళను కాస్త మైనంతో వీణ కుండకు, అంటే దాని గుండ్రని బోలు భాగానికి, అంటించి రికార్డు చేశాం. బజారులో కొద్ది రూపాయలకే దొరికే బిళ్ళ అది. గాలిలో శబ్దాన్ని పెద్దగా పట్టుకోదు, చెక్క అదురును పట్టుకుంటుంది. వినేవాడికి తన చెవి కుండకు ఆనించినట్టు ఉంటుంది. అదే రికార్డింగును సగం వేగానికి తగ్గిస్తే ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఆ గంభీరమైన అదురును నీడ కనిపించే చోట చాలా తక్కువ మోతాదులో కలిపాం.

తాళం దగ్గర మా అసలు తప్పు బయటపడింది. మొదటి కూర్పులో ఐదో దెబ్బ మొదటిసారి నుంచీ లేదు. లేనిది ఎప్పుడూ లేకపోతే అది పోయిందని ఎవరికి తెలుస్తుంది? కొత్త కూర్పులో మొదటి రాత్రి తాళం నిండుగా వేయించాం. తక తకిట, తక తకిట, ఎనిమిది ఆవృతాలు. ఆ దృశ్యంలో భయం ఏమీ లేదు, అమ్మాయి దుప్పటి పరుచుకుంటుంది, నిద్రపోతుంది. చెవికి మాత్రం అలవాటు పడింది. రెండో రాత్రి నుంచి తక తకి, అంతే.

జముకు

మిగిలిన 3,000 రూపాయలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన జముకు కళాకారుడికి ఇచ్చాం. జముకు వాయిస్తూ అమ్మవారి కథలు పాడే జముకుల కథ చూడనివారి కోసం ఆ వాయిద్యం గురించి చెబుతాను. డబ్బాలాంటి దానికి ఒకవైపు తోలు బిగించి, ఆ తోలు మధ్యనుంచి నరం లాగుతారు. దాన్ని బిగిస్తూ వదులుతూ మీటితే శబ్దం మనిషి గొంతులా పైకీ కిందికీ జారుతుంది. ఆ పెద్దాయన మండువాలో కూర్చుని పది నిమిషాలు వాయించారు. నేను ఈ వృత్తిలో విన్న శబ్దాలన్నిటిలోనూ అంత భయంకరమైనది లేదు. రాత్రి ఇంట్లో విన్న మా పాప లేచి వచ్చి నా పక్కన కూర్చుంది.

వాయించడం అయ్యాక ఆయన అడిగారు, “ఇది ఎక్కడ పెడతారు బాబూ?”

బామ్మ నీడ వచ్చినప్పుడు అని చెప్పాను.

“అమ్మవారి కథలో ఇది ఏడుస్తుంది. మనిషిని బెదిరించదు” అన్నారు. వద్దని అనలేదు. డబ్బు తిరిగి ఇస్తాననీ అనలేదు, అనవలసిన పనీ లేదు. ఆ ఒక్క మాట చెప్పి టీ తాగారు.

మా వాళ్ళతో రెండు రోజులు వాదన జరిగింది. చేతికి వచ్చిన గొప్ప శబ్దాన్ని వదులుకోవడం పిచ్చితనమని కూర్పు చేసే కుర్రాడు నేటికీ అంటాడు. నేను ఒప్పుకోలేదు. ఆ వాయిద్యం అమ్మవారి కథల్లో బతుకుతోంది. సినిమా చూసిన పిల్లలు రేపు జాతరలో జముకు వినగానే దయ్యం అనుకుంటే, ఆ పాపం మాది. అందుకే నీడ దగ్గర పెట్టలేదు. ఐదో దెబ్బ పడిన తర్వాత, తెల్లవారుతున్న పెరడు కనిపించే నలభై సెకన్లలో, ఆయన గొంతుతో కలిపి పెట్టాం. అక్కడ అది నిజంగానే ఏడుస్తుంది.

రెండో ప్రదర్శన

కార్తికంలో ఆ ఇంటి మండువాలోనే, అరువు తెచ్చిన ప్రొజెక్టరుతో, గోడకు తెల్ల దుప్పటి కట్టి వేశాం. నలభై మంది దాకా వచ్చారు. వీణ మేస్త్రీ గారు, జముకు పెద్దాయన, ఊరి పిల్లలు. మళ్ళీ రెండు ఫోన్లు కింద పెట్టాను.

ఈసారి రికార్డింగులో నవ్వు లేదు. కొబ్బరి మట్ట దగ్గర అందరూ ఒక్కసారి ఉలిక్కిపడి, వెంటనే ఒకరినొకరు చూసుకుని ఊపిరి వదిలారు. కప్పలు ఆగిన మొదటిసారి ఎవరో పిల్లవాడు “అమ్మా, ఎవరో వచ్చారు” అని గుసగుసలాడాడు. తెర మీద ఇంకా ఎవరూ లేరు. అన్నీ కుదరలేదు. ఎనిమిదో నిమిషంలో ఇల్లు కొనడానికి వచ్చిన మనిషి దృశ్యం సాగదీతగా ఉంది. అక్కడ కుర్చీలు కిర్రుమన్నాయి, రెండు దగ్గులు పడ్డాయి. ఆ దృశ్యానికి శబ్దంతో చేయగలిగింది ఏమీ లేదు, రాతలోనే బలహీనం.

పదిహేడో నిమిషం నుంచి అసలు విషయం. ఐదో దెబ్బ లేని ఆవృతాలు వరసగా ఆరు వస్తాయి. మూడోదాని చివర ఎవరో వేలితో ప్లాస్టిక్ కుర్చీ మీద కొట్టిన చప్పుడు రికార్డింగులో ఉంది. నాలుగోదానికి ఇద్దరు ముగ్గురు. ఐదోదానికి అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన “ట” అని పైకే అనేశారు. ఆరో ఆవృతానికి మండువా అంతా తొడల మీద దెబ్బ పడింది. తెర మీద మనవరాలు చెయ్యెత్తి ఐదో దెబ్బ వేసేది దాని తర్వాత నాలుగు సెకన్లకు.

జనం ముందే వేసేశాక ఆమె చెయ్యి ఆలస్యంగా పడినట్టుంది. మేము క్లైమాక్సు అని ప్రాణం పెట్టి తీసిన షాటు అది, ఒక రాత్రంతా పట్టింది. ఆ షాటు లేకుండా కోసిన ప్రతిని మొన్న తయారు చేశాను. అందులో ఆమె తెల్లగుడ్డ కప్పిన వీణ ఎదురుగా కూర్చుని, అరచెయ్యి గాలిలో ఆపి, తలుపు వైపు చూస్తుంది. దెబ్బ పడదు. ఆ అమ్మాయికి ఇంకా చూపించలేదు. ఆషాఢానికి ముందు చూపించి, తన చెయ్యి కోసేయడానికి ఆమె ఒప్పుకుంటేనే ఆ ప్రతిని బయట వేస్తాను.